జగిత్యాల దాటితే అంతరిక్షమేనా?

ధర్మపురిలో బస్సెక్కి, జగిత్యాల దాటి ఇంకాస్త ముందుకు పోతే ఎంత దూరమో, 2012 అక్టోబర్ 14న ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ దూకిన ఎత్తు అంతే. 39 కిలోమీటర్లు. దానికి లోకమంతా ఇచ్చిన బిరుదు 'అంతరిక్షపు అంచు'. మామూలు లెక్కలో అంతరిక్షం మొదలయ్యేది వంద కిలోమీటర్ల దగ్గర. అంటే మా ఊరి బస్సు కరీంనగర్ కూడా దాటిపోవాలి. సగం దారి కూడా కాకముందే అంచు ఎట్లా వచ్చింది? భూమిని మీటరు వెడల్పున్న బంతి అనుకుంటే ఆయన పైకి లేచింది మూడు మిల్లీమీటర్లు. వీడియోలో భూమి అంత గుండ్రంగా వంగి కనిపించడంలో చాలా భాగం కెమెరా లెన్సు చలవ.

ఆయన ధైర్యంతో నాకు పేచీ లేదు. ధ్వని వేగాన్ని మించి పడుతూ, మధ్యలో బొంగరంలా తిరిగిపోతూ, మళ్ళీ ఒళ్ళు అదుపులోకి తెచ్చుకుని నేల మీద కాళ్ళతో దిగాడు. 2025 జులైలో ఇటలీలో పారాగ్లైడర్ ప్రమాదంలో పోయినప్పుడు నాకూ మనసుకు కష్టమైంది. నా పేచీ ఆ దూకుడును మనకు అమ్మిన తీరుతో. డబ్బు పెట్టింది రెడ్‌బుల్. ఆ రోజు యూట్యూబ్‌లో ఒకేసారి ఎనభై లక్షల మంది చూశారు. ఒక డ్రింకు డబ్బా ప్రకటనను మానవజాతి విజయం అనుకుని చప్పట్లు కొట్టాం, ఇంకా కొడుతున్నాం.

ఇదే పనిని 1960 ఆగస్టు 16న జో కిటింగర్ చేశాడు, 31 కిలోమీటర్ల నుంచి. పైకి పోతుంటే కుడి చేతి గ్లవ్‌లో ప్రెషర్ పోయి చెయ్యి వాచిపోయింది. కిందికి చెప్తే ఆపేస్తారని చాలాసేపు నోరు మెదపలేదు. ఆ ఎగురుడికి ఒక అవసరం ఉంది: ఎత్తులో విమానం వదిలి దూకే పైలట్లు గిరగిరా తిరిగి స్పృహ తప్పకుండా ఉండే పారాచూట్‌ని పరీక్షించడం. 1962 నవంబర్ 1న సోవియట్ బెలూన్ నుంచి ఇద్దరు దూకారు. ఆంద్రేయెవ్ బతికాడు, దోల్గోవ్ హెల్మెట్ బయటికి వస్తూ తొట్టికి తగిలి, సూట్‌లో ప్రెషర్ పోయి చనిపోయాడు. న్యూజెర్సీలో ట్రక్కు నడిపిన నిక్ పియాంటనిడా 1966లో ఇదే మోజులో ప్రాణం మీదికి తెచ్చుకుని, నెలల తరబడి కోమాలో ఉండి పోయాడు. ఈ పేర్లు ఎంతమందికి తెలుసు? అంతెందుకు, ఇవాళ్టికీ రికార్డు బామ్‌గార్ట్‌నర్‌ది కాదు. 2014 అక్టోబర్ 24న అలన్ యూస్టస్ అనే కంప్యూటర్ ఇంజినీర్ 41 కిలోమీటర్ల పైనుంచి దూకాడు. క్యాప్సూల్ లేదు, బెలూన్ కింద వేలాడుతూ పోయాడు. లైవ్ లేదు, అందుకే లెక్కలో లేడు.

ఇక మన సంగతి. ఈ 41 కిలోమీటర్ల ఎత్తు హైదరాబాద్‌కి కొత్త కాదు. ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బెలూన్ కేంద్రం అర్ధ శతాబ్దంగా రాత్రిపూట, తెల్లవారుజామున పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లను పైకి వదులుతోంది. భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండటం వల్ల కాస్మిక్ కిరణాల పరిశీలనకు ఇది మంచి చోటు. 2005 ఏప్రిల్‌లో ఇక్కడినుంచి లేచిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెచ్చింది. మన సీసీఎంబీలో, పూణెలో పరీక్షిస్తే మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయి. యూస్టస్ దూకిన ఎత్తులోంచి బతికున్న జీవిని పట్టుకొచ్చారన్నమాట! 2009లో ప్రకటించారు. ఏ తెలుగు కవి అయినా దాని మీద ఒక పద్యం రాశాడా? నా కంటబడలేదు.

మనకు ఆ కేంద్రం గుర్తొచ్చేది ఏదైనా పొలంలో పడ్డప్పుడే. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఒక పెద్ద గుండ్రని వస్తువు దిగితే ఏలియన్లన్నారు, సెల్ఫీలు దిగారు. తీరా చూస్తే అది హేలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ క్యాప్సూల్. రేపు లక్ష యూరోలకు పైగా కట్టగలిగే వాళ్ళని అంత ఎత్తుకు తీసుకుపోవడానికి ట్రయల్. మర్పల్లి రైతుకు దక్కింది ఆ సెల్ఫీ.

మళ్ళీ మనకు గర్వానికేం తక్కువ లేదు. 2021లో గుంటూరులో పుట్టిన శిరీష బండ్ల 86 కిలోమీటర్లు పోయొచ్చినప్పుడు, 2024లో విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ బ్లూ ఆరిజిన్‌లో వంద దాటొచ్చినప్పుడు 'మన తెలుగువాళ్ళు' అని పొంగిపోయాం. శిరీష అప్పటికి తనను పైకి తీసుకుపోయిన కంపెనీలోనే ఉద్యోగి, ఒక ప్రయోగం కూడా చేసింది, ఒప్పుకుంటా. కానీ టికెట్ల వ్యాపారానికి ఊరి పేరు, భాష పేరు మనం ఉచితంగా ఎందుకు రాసిస్తున్నాం?

పడటం గురించి మాట్లాడాలంటే మా దగ్గర వేరే నిపుణులున్నారు. మోకు, ముస్తాదు కట్టుకుని పొద్దున్నే తాటిచెట్లెక్కే గీత కార్మికులు. ఆ వీడియో చూపిస్తే ఒక గౌడన్న అన్నమాట: "ఆయనకు పారాచూట్ ఉన్నది గద తమ్మీ, మల్ల భయమేంది?" వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు. నలభై కిలోమీటర్ల నుంచి పడ్డ మనిషి నడుచుకుంటూ పోయాడు. నలభై అడుగుల నుంచి పడ్డవాడు నడుం విరిగి మంచాన పడతాడు, లేదా పోతాడు. బెలూన్‌లో పోయేవాడికి నాలుగైదేళ్ళు సూట్ కుట్టి, పరీక్షించి, డాక్టర్లను చుట్టూ పెట్టారు. తాటిచెట్టు ఎక్కేవాడికి తాళ్ళు, క్లిప్పుల సేఫ్టీ కిట్ 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో ప్రభుత్వం మొదలుపెట్టింది 2024 జులైలో. కిటింగర్ దూకిన అరవై నాలుగేళ్ళకు.

ఆ కిట్లు మా మండలంలో ఎంతమందికి అందాయి, అందినవాళ్ళు రోజూ కట్టుకుంటున్నారా, కట్టుకుంటే పొద్దటి చెట్ల లెక్క తగ్గుతోందా, తగ్గితే ఆ కూలీ ఎవరిస్తారు? ఈ సంగతి మీద లైవ్ పెట్టే యూట్యూబర్ ఎవరన్నా ఉంటే చెప్పండి. బెల్ నొక్కి పెట్టుకుంటా.