వయసు చెబుతాం, పేరెందుకు?

ఓటీటీలో పెద్దల సినిమా తెరిస్తే నాలుగంకెల పిన్ అడుగుతుంది. అదీ ఎవరైనా ఓపిగ్గా పెట్టుకుని ఉంటేనే. చాలా ఇళ్లలో ఆ పిన్ నాన్న పుట్టిన సంవత్సరమో, బండి నంబరో అయి ఉంటుంది. ఏడో తరగతి పిల్లాడికి అది కనిపెట్టడం ఎంతసేపు? ‘ఏ’ కేటగిరీ వాటికి నమ్మదగిన వయసు పరిశీలన ఉండాలని 2021 ఐటీ నిబంధనలు చెప్పాయి. నమ్మదగినది అంటే ఎలాంటిదో మాత్రం కంపెనీలకే వదిలేశాయి. ఇక అశ్లీల సైట్ల సంగతి సరేసరి. ‘నాకు 18 నిండాయి’ అనే బటనే అక్కడ కాపలా!

ఆ బటన్ ఇక చెల్లదని బ్రిటన్ తేల్చేసింది. అక్కడి ఆన్‌లైన్ భద్రతా చట్టం ప్రకారం 2025 జులై 25 నుంచి అలాంటి సైట్లు చూసేవారి వయసును గట్టిగా నిర్ధారించుకోవాలి. గుర్తింపు కార్డు, క్రెడిట్ కార్డు, ముఖం చూసి వయసు అంచనా కట్టే సాఫ్ట్‌వేర్, ఏదైనా సరే. మాట వినని కంపెనీకి అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ వేయగల జరిమానా కోటీ 80 లక్షల పౌండ్ల దాకా, లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో 10 శాతం దాకా, ఏది ఎక్కువైతే అది. 2017లో ఇలాంటి చట్టమే చేసి, 2019లో చేతులెత్తేసిన దేశం ఈసారి పట్టు వదల్లేదు. ఆ పట్టుదలను నేను తప్పుపట్టను.

అమలు మొదలవగానే, వేరే దేశం నుంచి చూస్తున్నట్టు నమ్మించే వీపీఎన్ యాప్‌లకు గిరాకీ పెరిగింది. చాటింగ్ యాప్ డిస్కార్డ్‌లో కొందరు వీడియో గేమ్ పాత్ర ముఖాన్ని కెమెరాకి చూపించి పెద్దవాళ్లైపోయారు. దొంగదారులు ఏ చట్టానికైనా ఉంటాయి. నా బెంగ వేరే. అదే డిస్కార్డ్ ఆ ఏడాది అక్టోబరులో, తమ తరఫున కస్టమర్ సేవలు చూసే బయటి సంస్థ మీద దాడి జరిగిందని, సుమారు 70 వేల మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండవచ్చని ఒప్పుకుంది. తమ వయసు తప్పుగా లెక్కగట్టారని అప్పీలు చేసుకుంటూ జనం పంపిన కార్డులవి. పని అయిపోయాక కూడా వాటిని ఎందుకు ఉంచుకున్నట్టు?

మన రెండు రాష్ట్రాల్లోనూ మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. వైన్ షాపువాడికి అనుమానం వస్తే (వచ్చేది అరుదే లెండి) కార్డు చూసి తిరిగిచ్చేస్తాడు. దాన్ని జిరాక్సు తీసి, వెనకాల మనం కొన్న బ్రాండు పేరు రాసి, బీరువాలో దాచుకోడు.

ఈ విషయంలో ఫ్రాన్స్ కాస్త తెలివిగా ఆలోచించింది. చూసేది ఎవరో సైటుకి తెలియకూడదు, మనం ఏ సైటుకి వెళుతున్నామో వయసు ధ్రువీకరించే సంస్థకి తెలియకూడదు. అలాంటి పద్ధతి ఒకటైనా అందుబాటులో ఉంచాలని అక్కడి నియంత్రణ సంస్థ ఆర్కామ్ షరతు పెట్టింది. 18 నిండాయా, లేదా? సైటుకి అందాల్సిన జవాబు అంతే.

మనకూ వయసు నిరూపించుకోవాల్సిన రోజు దగ్గరపడుతోంది. డేటా రక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైనవి 2027 మే నుంచి అమలవుతాయి. 18 ఏళ్ల లోపు వారి సమాచారం వాడుకోవాలంటే తల్లి లేదా తండ్రి అనుమతి నిర్ధారించుకోవాలి. తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా. ఎవరు పిల్లలో తేలాలంటే ముందు అందరినీ అడగాలి కదా, అరవై ఏళ్ల తాతగారితో సహా! పైగా ఈఏపీసెట్‌కి చదివే కుర్రాడూ, ఒకటో తరగతి పాపా ఈ చట్టానికి ఒకటే. ఇక అనుమతి సంగతంటారా, అమ్మ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. దాన్ని చూసి కొట్టేది ఆ కుర్రాడే.

డిజీలాకర్ లాంటి వాటి నుంచి టోకెన్ ఇచ్చే వీలు ఆ నిబంధనల్లో ఉంది. ఆ టోకెన్‌లో వయసు తప్ప పేరు, నంబరు, ఫొటో ఉండకూడదని, పరిశీలన అయిన వెంటనే వివరాలు చెరిపేయాలని కేంద్రం స్పష్టంగా రాయాలి. ఇంకా గడువుంది, ఎంపీలు పార్లమెంటులో అడగవచ్చు. ఈలోగా ఏ సైటైనా వయసు కోసం ఆధార్ ఫొటో అప్‌లోడ్ చేయమంటే చేయకండి. తప్పనిసరైతే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.