హయా వైద్యానికి అడ్డు కాదు



చందుర్తి మొదలుకొని సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వరకు ముస్లిం ఇళ్ళనుండి మా వద్దకు వచ్చే మసాయిల్‌లో ఒకటి ఇది: "రొమ్ములో గడ్డ తగులుతున్నది. పురుష డాక్టరుకు చూపించుకోవడం జాయిజేనా?"

ఈ ప్రశ్న వెనుక ఎన్నో నెలల మౌనం ఉంటుంది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. సెలవుపై వచ్చాక చెబుదామని ఆగుతుంది. బీడీలు చుట్టే ఇల్లాలికి ఆస్పత్రికి వెళితే ఆ రోజు కూలి పోతుంది. పైగా గడ్డ నొప్పి పెట్టదు. రొమ్ము క్యాన్సర్ గడ్డ తొలిదశలో తరచుగా నొప్పి లేకుండానే ఉంటుందని ఆమెకు తెలియదు.

ముందుగా మసలా చెబుతాము. మహిళా డాక్టరు లభిస్తే ఆమె వద్దకే వెళ్ళాలి. లభించకపోతే, మహ్రమ్ వెంట ఉండగా, అవసరమైన మేరకు, నమ్మకస్తుడైన పురుష డాక్టరుకు చూపించుకోవడాన్ని ధర్మపండితులు అనుమతించారు. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త (స) హజ్రత్ రుఫైదా (రజి) గుడారానికి చేర్పించారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. స్త్రీ పురుషునికి చికిత్స చేసినందువల్ల ఆ సమాజంలో హయాకు లోటు రాలేదు.

ఇక కుటుంబ వైద్యుని బాధ్యత. ఆపరేషన్, కీమో నగరంలో జరుగుతాయి. కాని గడ్డను మొదట చూసేది ఊరి డాక్టరే. ఆయన గోళీలిచ్చి నెల తరువాత రమ్మంటే ఆ నెల వృథా అవుతుంది. చేతితో పరీక్ష, మామోగ్రామ్ లేక అల్ట్రాసౌండ్, అనుమానముంటే సూదితో ముక్క పరీక్ష జరగాలి. అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు. ముక్క తీస్తే వ్యాధి పాకుతుందన్న భయానికి ఆధారం లేదు.

చేతి పరీక్షను చిన్నచూపు చూడరాదు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆస్పత్రి 1998 నుండి ఇరవై ఏళ్ళపాటు సుమారు లక్షా యాభై వేల మంది స్త్రీలతో పరిశోధన సాగించింది. తర్ఫీదు పొందిన మహిళా కార్యకర్తలు రెండేళ్ళకొకసారి పరీక్షించగా, 50 ఏళ్ళు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మన రాష్ట్రంలో 2023 మార్చి 8న ఆరంభమైన ఆరోగ్య మహిళ పథకం కూడా మంగళవారాలను స్త్రీల పరీక్షలకు కేటాయించి, మహిళా సిబ్బందినే నియమించింది.

వ్యాధి నిర్ధారణ అయితే హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నది. అది మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద వెలసినది. ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ చికిత్స లభిస్తుంది.

చికిత్స పొంది ఇల్లు చేరాక మళ్ళీ కుటుంబ వైద్యుడే దిక్కు. కీమో రోజులలో జ్వరం వస్తే గోళీతో సరిపెట్టక వెంటనే ఆస్పత్రికి పంపవలసినవాడు ఆయనే. చేయి వాచినా, షుగర్ పెరిగినా గమనించేదీ ఆయనే. కొందరు స్త్రీలు ఐదేళ్ళు, అంతకు మించి మాత్రలు వాడవలసి ఉంటుంది. బాగున్నామని మధ్యలో మానకుండా చూడాలి. రోజా ఉండవచ్చునా అన్నది కూడా ఆయనను అడిగి తెలుసుకోవాలి. రోగికి షరీఅత్ సడలింపు ఇచ్చింది.

దేహం అల్లాహ్ మనకిచ్చిన అమానత్. గల్ఫ్‌లోని సోదరులారా! ఈ రాత్రి ఫోన్‌లో ఇంటి ఖర్చులతోపాటు భార్య ఆరోగ్యమూ అడగండి. గడ్డ ఉందని చెబితే మీ రాక కోసం ఆగమనకండి. అమ్మనో, అక్కనో, తమ్ముడినో తోడిచ్చి ఈ వారమే డాక్టరు వద్దకు పంపండి.