వనంలో విడిది

రాజమహేంద్రవరం నుండి భద్రాచలం పోయే ఘాట్ రోడ్డు మీద, సుమారు 85 కిలోమీటర్ల దూరాన మారేడుమిల్లి ఉంది. దానికి చేరువలో వలమూరు వాగు ఒడ్డున ‘జంగిల్ స్టార్’ అనే చిన్న వనవిడిది ఉంది. వాగు దానిని మూడువైపుల చుట్టి పారుతుంది. ఆ ప్రాంతాన్ని వాలిసుగ్రీవుల కొండ అంటారు. అన్నదమ్ముల పోరు జరిగింది అక్కడేనని స్థానికుల విశ్వాసం. తుంగభద్రాతీరంలోని హంపివారు ఈ మాటను ఒప్పుకోకపోవచ్చు. అయినా, కొండా కోనా కనబడిన ప్రతిచోటా రామకథకు చోటు చూపడం తెలుగువారికి తరతరాల అలవాటు.

నగరాల నుండి వచ్చినవారు గుడారంలో ఒక రాత్రి గడుపుతారు. తెల్లవారాక జలతరంగిణి, అమృతధార జలపాతాలను చూస్తారు. కొందరు గుడిస కొండమీది పచ్చిక బయళ్ళకు పోయి మబ్బులను పైనుండి చూసి మురిసిపోతారు. వెదురు బొంగులో వండిన కోడిమాంసం తిని, మరునాటికి ఇళ్ళకు మళ్ళుతారు. ఇవన్నీ ముచ్చటైన వినోదాలే. అయితే, ఇలాంటి విడిదికి నిజమైన విలువ తెచ్చేవి రెండు: అది చిన్నదిగా ఉండడం, అడవిని ఎరిగినవారి చేతిలో ఉండడం. ఈ రెండింటినీ పోగొట్టుకుంటే మిగిలేది ఊరిబయట కట్టిన మరొక హోటలు మాత్రమే.

దీని వెనుక ఉన్న చరిత్రను మరువరాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం గిరిజనుల పోడు వ్యవసాయానికీ, వంటచెరకుకూ, పశువుల మేతకూ కూడా అడ్డుకట్ట వేసింది. తాతముత్తాతల అడవిలో కొండరెడ్లు, కోయలు నేరస్థులైనారు. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం రగులుకోవడానికి ఆ ఆగ్రహమే ముఖ్యకారణం. ఆ తరువాత డెబ్బై ఏళ్ళకు, 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం పేరిట వన సంరక్షణ సమితులకు ఆంధ్రప్రదేశ్‌లో అంకురార్పణ జరిగింది. ఈ విడిది కూడా స్థానిక గిరిజనుల సమితి చేతిమీదుగా నడిచేటట్లు ఏర్పడినదే. అడవిలో కట్టెలు కొట్టినందుకు శిక్షలు అనుభవించినవారి మునిమనుమలు నేడు అదే అడవిలో అతిథులకు దారి చూపుతున్నారు. ఇది చిన్న మార్పు కాదు.

మనుచరిత్రలోని ప్రవరుడు ఈ సందర్భంలో తప్పక గుర్తుకు వస్తాడు. దూరదేశాలు చూడాలన్న వేడుకతో సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకొని క్షణంలో హిమాలయం చేరినవాడు ఆయన. మంచుకు లేపం కరిగిపోగానే ఇల్లు చేరే ఉపాయం తెలియక తల్లడిల్లాడు. నడిచి వెళ్ళినవాడైతే వచ్చిన దారైనా గుర్తుండేది. పెద్దన ఆ ఘట్టాన్ని మరొక ప్రయోజనం కోసం మలిచినా, నేటి విహారయాత్రికునికి అది అద్దం పడుతుంది. కారు దిగి, నాలుగు ఫోటోలు తీసుకొని, పాటల పెట్టె హోరెత్తించి, సీసాలు వాగులో విసిరి వెళ్ళేవాడు అడవికి వచ్చినా అడవిని చూడలేదు. వాని పాదలేపం పెట్రోలు, అంతే తేడా.

దారి చూపే కొండరెడ్డి యువకుని వెంట ఒక గంట నడిస్తే సంగతి వేరుగా ఉంటుంది. జీలుగు చెట్టు నుండి కల్లు ఎలా తీస్తారో, విస్తళ్ళకు పనికివచ్చే అడ్డాకు ఏ తీగకు కాస్తుందో, కొమ్మల మీద దూకుతున్న బెట్టుడుత ఎందుకు అరుస్తున్నదో అతడు చెబుతాడు. పైన కొండల్లో వాన కురిస్తే ఇక్కడ ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది. నీటి రంగు మారిందని అతడు హెచ్చరిస్తే వెంటనే గట్టెక్కాలి. ఈత వచ్చునన్న ధీమాతో ఆ మాటను పెడచెవిని పెట్టినవారి కథలు విషాదాంతాలైన సందర్భాలు మన రాష్ట్రపు జలపాతాల దగ్గర తక్కువేమీ కావు. బడి చదువు లేకపోయినా అతడు ఆ చోట ఆచార్యుడే. కూలిగా చూడడం అవివేకం.

విడిదిని పెద్దది చేస్తే ఆదాయం పెరిగి గిరిజనులకే మేలు జరుగుతుందని కొందరి వాదన. పైకి సబబుగానే తోస్తుంది. కాని పది గుడారాలను ఊరివారు నడపగలరు; వంద గదుల భవనానికి పెట్టుబడి కావాలి, పెట్టుబడితోపాటు బయటి యజమాని వస్తాడు. అప్పుడు దారి చూపినవాడు సామాను మోసేవాడవుతాడు. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదలాయింపును 1970 నాటి ఒకటవ నిబంధన, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’, నిషేధిస్తున్నది. గట్టి చట్టమే. అయితే చట్టానికి దొడ్డిదారులు వెతికేవారు ఉండరనుకోవడం అమాయకత్వం.

ఇక రాత్రి దీపాల వెలుగు, జనరేటరు రొద, నెగడు కోసం నరికే కట్టెలు, వారాంతపు రద్దీకి వంటకోసం కొట్టే పచ్చి వెదురు, ఇవన్నీ అతిథుల సంఖ్యతోపాటు పెరిగేవే. బొంగు కోడి రుచిని మెచ్చుకునేవారు ఒక్కొక్క వంటకానికి ఒక లేత వెదురు తెగుతున్నదని తలచుకోవడం మంచిది. వెదురు గడ్డిజాతిది, త్వరగా మళ్ళీ మొలుస్తుంది, నిజమే. కాని మొలకకూ వ్యవధి కావాలి.

కనుక గుడారాలు ఎన్ని ఉండాలన్నది పర్యాటకుల కోరికను బట్టి, పెట్టుబడిదారుల లెక్కను బట్టి తేలవలసిన విషయం కాదు. వేసవిలో వాగు సన్నబడినప్పుడు ఊరివారి అవసరాలు తీరగా ఎందరు అతిథులకు నీరు మిగులుతుందో అక్కడివారికే తెలుసు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు తమ వనరుల మీద తామే నిర్ణయం చేసుకునే అధికారాన్ని గుర్తించింది. ఆ సభ ఆరు గుడారాలు చాలునంటే ఏడవ గుడారం వేయకూడదు. ఏడవవాడు మరొక వారం రావచ్చు.