అది పిరికితనం కాదు, మనం పెట్టిన భయం



ఈ మాటలు సర్కారుకు రాసేటివి కావు. ముందుగాల మనకోసమే రాస్తున్న, కోరుట్ల నుంచి రాస్తున్న. ములుగు, భద్రాచలం అడవులు మనకు దూరమే. ‘గుత్తికోయల సంగతి మనకెందుకు?’ అని మన పిల్లలే అడుగుతున్నరు. ఎందుకో చెప్త, జర ఓపికతోని చదువున్రి.

ముందు పేరు సంగతి. గుత్తికోయ అన్నది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు, ఇక్కడోళ్లు పెట్టింది. వాళ్లల్ల ఎక్కువమంది బస్తర్ దిక్కు మురియా గోండులు. తమను తాము కోయ్తూర్ అని చెప్పుకుంటరు. ఇప్పుడు మన తెలంగాణ ఎస్టీ జాబితా తీసి చూడున్రి. ఒక్క వరుసల నాలుగు పేర్లుంటయి: గోండు, నాయకపోడు, రాజ్‌గోండు, కోయ్తూర్. మన జగిత్యాల దిక్కు నాయకపోడు పిల్లకు ఏ వరుస చూసి సర్టిఫికెట్ ఇస్తున్నరో, అదే వరుసల కోయ్తూర్ కూడా ఉంది. పేరుకు జాబితాల చోటుంది. ఆ పేరున్న మనిషికే చోటు లేదు.

వాళ్లు సోకుకు రాలే. 2005 జూన్‌ల అప్పటి దంతెవాడ జిల్లాల సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబెట్టిన్రు, జనాన్ని క్యాంపులకు తోలిన్రు. ఒక దిక్కు జుడుం, పోలీసులు, ఇంకో దిక్కు మావోయిస్టులు. నడుమ నలిగిన జనం గోదావరి దిక్కు నడిచిన్రు. అట్ల వచ్చినోళ్లు యాభై వేల దాకా ఉంటరని వాళ్ల నడుమ పనిచేసే సంస్థల అంచనా. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆదివాసీ పిల్లల చేతికి తుపాకులిచ్చి స్పెషల్ పోలీసులని పేరు పెట్టుడు రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పైతే వచ్చింది గని, కాలిన ఇల్లు తిరిగి రాలే.

దేశం సరిహద్దు దాటినోళ్లను శరణార్థి అంటరు. వీళ్లు దాటింది రాష్ట్రం సరిహద్దే. అందుకని ఆ పేరు కూడా దక్కలే. వీళ్లకు మిగిలినవి ‘వలసోళ్లు’, ‘ఆక్రమణదారులు’, ‘ఛత్తీస్‌గఢోళ్లు’.

ఇగ అసలు ముచ్చట. ఆ గూడేలకు పోయొచ్చినోళ్లు చాలామంది ఒక్కటే మాట చెప్తరు: ‘వాళ్లు భయస్తులు, ఎవరన్న పోతే అడవిలకు ఉరుకుతరు, మాట్లాడరు.’ చదువుకున్నోళ్లయితే ఇంకో మాట కలుపుతరు: ‘బస్తర్‌ల చూసిన హింస మనసుల పడ్డది.’ ఇందుల సగమే నిజం. ఆ సగం చెప్పి మిగతా సగం దాచుడు మనకు సౌకర్యం. ఎందుకంటే బస్తర్‌ల జరిగిందానికి మన బాధ్యత లేదు. ఇక్కడ జరుగుతున్నదానికి ఉంది.

ఇరవై ఏండ్ల కింద చూసిన మంట ఒక్కటే ఇయ్యాల నిద్ర చెడగొడ్తలేదు. పొద్దుగాల జీపు సప్పుడైతే గుండె దడదడలాడుతది, అది ఇక్కడి జీపు. 2017ల తాడ్వాయి మండలం జలగలంచల గుడిసెలు కూలినయి, అవి ఇక్కడి గుడిసెలు. మిరప తోటల ఒళ్లు వంచి పని చేసినంతసేపు ‘మంచోళ్లు’, కూలి లెక్క అడిగితే ‘మీరెక్కడోళ్లు?’ అన్న ప్రశ్న. ఇక్కడే పుట్టి, ఇక్కడే తెలుగుల చదివిన పిల్లగాడు హాస్టల్ సీటు కాడ, కాలేజీ కాడ కులం సర్టిఫికెట్ లేక ఆగిపోతడు. ‘మీ సొంత రాష్ట్రం నుంచి తెచ్చుకో’ అంటరు. ఏ ఊరి నుంచి పాణాలు అరచేతిల పెట్టుకొని తల్లిదండ్రులు ఉరికొచ్చిన్రో, ఆ ఊరికే పోయి కాయితం తేవాల్నట! అట్ల ఆగిన పిల్లగానికి రేపు అన్నదే లేకుండపోతది. రేపు లేని మనసుకు నిద్ర ఎక్కడికెళ్లి వస్తది?

ఇంకో దెబ్బ బయటికి కనబడది. మన తీరుగనే వాళ్లకు కూడా మనిషి పోతే పెద్దల నడుమ చోటు ఉండాలె, ఆ పేరు మీద రాయి నిలబెట్టాలె. ఆ రాళ్లన్నీ బస్తర్‌ల ఉన్నయి. ‘రేపో మాపో ఖాళీ చెయ్యాలె’ అన్న జాగల రాయి ఎట్ల పాతుతరు? దుఃఖం దించుకునే జాగ కూడా లేనోళ్లను పట్టుకొని ‘వాళ్లింతే, మొద్దులు’ అంటున్నం.

ఇది నా ఒక్కని వాదన కాదు. యుద్ధాల నుంచి బయటపడ్డోళ్ల మానసిక ఆరోగ్యం మీద పనిచేసిన కెన్నెత్ మిల్లర్, ఆండ్రూ రాస్ముస్సెన్ 2010ల ఇదే సంగతి గట్టిగ చెప్పిన్రు. చూసిన హింస ఒక్కటే కాదు, అటెన్క రోజూ పడే లేమి, ఒంటరితనం, అభద్రత, వివక్ష కూడా మనసును కుంగదీస్తయని వాళ్ల మాట. అంటే పాత గాయాన్ని మాననియ్యకుండ రోజూ గెలికే చెయ్యి ఒకటి ఉంటది. ఇక్కడ ఆ చెయ్యి మనది.

పుస్తకం మాట నమ్మకపోతే సిరిసిల్లను చూడున్రి. మరమగ్గాల నేతన్నలు ఒకరెంబడి ఒకరు పాణాలు తీసుకున్న రోజులు మన కండ్ల ముందటివే. కౌన్సెలింగ్ పెట్టిన్రు, మంచిదే. కని అప్పు, పనిలేమి అట్లనే ఉంటే మాటలు ఎంతవరకు ఆదుకుంటయి? చేతికి పని, పనికి కూలి కూడా మందేనని సిరిసిల్ల కార్మికుడు ఎవరైనా చెప్తడు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్ల కోసం ఆ ఊరు ఎందుకు ఎదురుచూసిందో యాది చేసుకోన్రి. గుత్తికోయల సంగతి కూడా గంతే. సర్కారుకు 14416 అని టెలీ మానస్ నంబరుంది. ఫోన్ చార్జింగుకు కరెంటే లేని గూడెంల, కోయ మాటే వచ్చిన ముసలమ్మ ఆ నంబరుకు ఏమని చెప్పుకోవాలె? ‘జీపు వస్తదని భయమైతుంది’ అంటే జీపును ఆపే కౌన్సెలర్ ఎవరున్నరు?

ఇప్పుడు మనోళ్ల మాటలకు వద్దాం. ఇవి సర్కారు మాటల కంటే ఎక్కువ కోస్తయి.

‘వాళ్లొస్తే మన రిజర్వేషన్ల వాటా పోతది.’ తమ్ముడా, బ్యాక్‌లాగ్ పోస్టులు నింపక మన వాటా పోయింది. దొంగ సర్టిఫికెట్లతోని పోయింది. మిరప కళ్లంల పండుకునే పిల్లగానితోని పోలే.

‘వాళ్లు అడవిని నరుకుతున్నరు.’ బతుకుదెరువుకు పోడు కొట్టింది నిజమే. మరి ఒక్క కాళేశ్వరం ప్రాజెక్టుకే మూడు వేల హెక్టార్లకు పైగా అటవీ భూమి ఇచ్చిన్రు కదా. అప్పుడు అడవికి నొప్పి కాలేదా?

‘వాళ్లు హంతకులు.’ 2022 నవంబర్‌ల చండ్రుగొండ మండలం ఎర్రబోడు కాడ ఒక అటవీ అధికారి హత్యకు గురైండు. అది నేరమే, సమర్థించేది లేదు. చేసినోళ్లకు కోర్టు ఉంది. కని దాని ఎంబడే బెండాలపాడు గ్రామపంచాయతీల గుత్తికోయలను ఊరి నుంచి ఎల్లగొట్టాలని తీర్మానం చేసిన్రు. ఒకరిద్దరు చేసిందానికి చంటిపిల్లతో సహా గూడెం అంతటికి శిక్షనా? ఒకప్పుడు మన తాతలను ‘నేరస్థ తెగలు’ అని రాసిన తెల్లోని చట్టానికీ దీనికీ తేడా ఏంది?

కోరుట్లోళ్లకు ఇంకో మాట. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ దిక్కు గల్ఫ్‌కు మనిషి పోని వాడకట్టు ఏదన్న ఉందా? పాస్‌పోర్టు సేటు చేతిల పెట్టి, పదిమంది ఒక్క రూముల ఉండి, ‘మీరు బయటోళ్లు’ అన్న చూపు కింద బతికినోళ్లు మన అన్నలే, బాపులే. వాళ్లు ఫోన్‌ల ‘మంచిగనే ఉన్న’ అంటే ఆ గొంతుల ఏముందో మన అమ్మలకు తెలుసు. శంషాబాద్‌ల దిగిన శవపేటికలు చూసిన ఊర్లు మనవి. ‘బయటోడు’ అన్న మాట మనిషిని ఏం చేస్తదో మనకు ఒకరు చెప్పాల్నా?

దారి లేదని అనొద్దు. 1997ల మిజోరం నుంచి ఉరికొచ్చిన బ్రూ ఆదివాసులు ఏండ్లకేండ్లు త్రిపుర క్యాంపుల ఉన్నరు. 2020 జనవరిల కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు కలిసి ఒప్పందం రాసుకున్నరు. సుమారు 34 వేల మందికి త్రిపురలనే ఇంటి జాగ, ఇల్లు కట్టుకునేందుకు లక్షన్నర, నాలుగు లక్షల డిపాజిట్, రెండేండ్లు నెలకు ఐదు వేలు, రేషన్. వాళ్లు దాటింది కూడా రాష్ట్రం సరిహద్దే. అక్కడ అయిన పని ఇక్కడ ఎందుకు కాదు? అటవీ హక్కుల చట్టానికి 2005 డిసెంబర్ 13 అని గీత గీసిన్రు. జుడుం మొదలైందే ఆ ఏడు జూన్‌ల. పాణం కాపాడుకుంట ఉరికేటోడు తారీఖు చూసుకొని ఉరుకుతడా?

మనం అడగాల్సినవి ఇవి. గూడెం గూడెం సర్వే చేసి వాళ్లను నిర్వాసితులుగ గుర్తించాలె. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఇక్కడనే ఎస్టీ సర్టిఫికెట్ ఇచ్చే దారి కేంద్రం, రాష్ట్రం కలిసి తియ్యాలె. బ్రూ తీరుగ ఒప్పందం అయ్యేదాకా ఒక్క గుడిసె కూల్చొద్దు. ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల కింద వాళ్ల మాట వచ్చిన వాళ్ల పిల్లలనే ఆరోగ్య కార్యకర్తలుగ పెట్టాలె.

మనం చెయ్యాల్సింది ఇంకా తేలిక, దానికి జీవో అక్కరలేదు. ‘వలసోళ్లు’ అన్న మాట మన నోట్లకెళ్లి తీసెయ్యాలె. మన సంఘం మీటింగుల వాళ్లకు కుర్చీ ఎయ్యాలె, మైకు ఇయ్యాలె. జోడేఘాట్ పోయి కొమురం భీముకు దండ ఏస్తం. జల్, జంగల్, జమీన్ అని ఆయన అన్న మాటల ‘తెలంగాణోళ్లకే’ అన్న షరతు లేదు.

సర్టిఫికెట్ల ఒక్క వరుసల ఉన్నం. బతుకుల కూడా ఒక్క వరుసల నిలబడుదాం.

జై కోయ్తూర్! జై ఆదివాసీ!