వింత చట్టములు: నిజానిజములు

వింత చట్టములను గూర్చిన కథలు లోకములో పెక్కులు ప్రచారమునందున్నవి. లండను పార్లమెంటు భవనములో మరణించుట నేరమట! రాజుగారి బొమ్మగల తపాలాబిళ్లను తలక్రిందుగా నంటించుట రాజద్రోహమట! క్రిస్మసునాడు మిన్సుపై యను తీపి పిండివంట తినరాదట! విన్నవారు నవ్వుదురు, నవ్వి మఱియొకరికి చెప్పుదురు. అది యే సంవత్సరపు చట్టమని యడుగువారు మాత్రము అరుదు.

2013వ సంవత్సరమున ఇంగ్లండు, వేల్సు దేశముల లా కమిషనువారు ఇట్టి కథలను పాత శాసనములతో సరిచూచి ప్రకటించిరి. పార్లమెంటులో మరణించుటను నిషేధించు శాసనమేదియు వారికి కానరాలేదు. తపాలాబిళ్లను తలక్రిందుగా నంటించుటయు నేరము కాదని తేలినది. పిండివంట కథలో మాత్రము రవంత నిజము కలదు. 1644లో క్రిస్మసు, చట్టము విధించిన ఉపవాసదినమున పడెను గాన, ఆ యొక్కయేడు దానిని తినుట నిషిద్ధమయ్యెను. 1660లో రాజరికము మరల నెలకొనినప్పుడు, నడుమ కాలమున పండుగకు విరోధముగా పుట్టిన శాసనములు చెల్లనివయ్యెను.

ఇంతమాత్రమున వింతయైనదెల్ల అబద్ధమని తలంపరాదు. కవచము ధరించి పార్లమెంటునకు రాగూడదను 1313వ సంవత్సరపు శాసనము రద్దు కాలేదని ఆ కమిషనువారే తెలిపిరి. అనుమానింపదగిన పరిస్థితులలో సాల్మను చేపను చేతనుంచుకొనుట నేరమని 1986వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. అక్రమముగా పట్టిన చేపల బేరము నరికట్టుటయే దాని యుద్దేశము. మన దేశమునందును, భూమిలో దాగియున్న 10 రూపాయలకు మించిన నిధి దొరకినవాడు కలెక్టరుగారికి తెలుపవలెనని 1878వ సంవత్సరపు నిధుల చట్టము, 4వ సెక్షను, విధించినది. ఆ మొత్తము నేడు నవ్వు పుట్టించును. ఆనాడు అది స్వల్పము కాదు.

వినోదమునకు చెప్పుకొను మాటలవలన నష్టమేమని కొందరందురు. మా యభిప్రాయము వేరు. లేని చట్టమును నమ్మినవాడు భయపడి తన హక్కును వదలుకొనును. “చట్టమొప్పదు” అని గద్దించువానికి లోబడి రూకలు చెల్లించును. ఉన్న చట్టమును కట్టుకథ యనుకొన్నవాడు నేరమున చిక్కుకొనును. చట్టము తెలియదనుట న్యాయస్థానమున సాకు కానేరదు.

కావున విద్యార్థులారా, ఇట్టి మాట వినబడినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయుడు: ఏ చట్టము? ఏ సంవత్సరము? ఏ సెక్షను? నేడు అమలునందున్నదా? మన కేంద్రచట్టముల పాఠములను ప్రభుత్వమువారు ఇండియా కోడ్ అను పేర ఎల్లరును ఉచితముగా చదువుకొనునట్లు ఉంచియున్నారు. తలిదండ్రులును పిల్లలతో కూర్చుండి వానిని చూడవచ్చును. జవాబు దొరకువరకు ఆ మాటను మఱియొకరి చెవిని వేయకుండుటయే ఉచితమని మా మనవి.