అనుమతి పత్రంలో లేని ఒక్క వాక్యం

మాచవరంలో జుమా నమాజు ముగిశాక ఒక తండ్రి మా వద్దకు వచ్చారు. మిరప చేను తాకట్టు పెట్టి కుమారుణ్ణి కెనడాకు పంపారు. అర్హత గల విద్యార్థి తరగతులు జరిగే కాలంలో కళాశాల వెలుపల వారానికి 24 గంటలు పనిచేయవచ్చునని 2024 నవంబరు నుండి అక్కడి నిబంధన. కాని ఆ కుర్రవాడి అనుమతి పత్రంలో ఆ వాక్యమే లేదు.

"పైకి తెలియకుండా నగదు ఇస్తామంటున్నారట. ఒప్పుకోమందునా మౌల్వీ సాబ్?"

వద్దన్నాము. పొరపాటు అధికారులదైతే వలస శాఖను రుసుము లేకుండానే సవరణ కోరవచ్చు. దొంగచాటు పని బయటపడితే చదువుకే ముప్పు.

అప్పును వ్రాసుకొమ్మని సూరహ్ బఖరా 282వ ఆయత్ మనల్ని ఆదేశిస్తున్నది. వ్రాసి ఇచ్చినదాన్ని చదువుకొనడమూ మన బాధ్యతే. కనుక తల్లిదండ్రులారా, విమానాశ్రయం దాటకముందే పత్రం ఆసాంతం చదువుకొమ్మని, తప్పుంటే అక్కడి అధికారికే చూపమని మీ బిడ్డలకు చెప్పి పంపండి.