ఆయిల్ కారుతోందా? నీళ్లు దూరుతున్నట్టే!

రోడ్డు మీద బండి ఆగిపోతే దిగి తోసుకుంటూ పోవచ్చు. అదే సముద్రం మధ్యలో పడవ మోటారు ఆగిపోతే? దిగి తొయ్యడానికి అక్కడ నేలేదీ!

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడు, సహాయ సిబ్బంది రబ్బరు పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేర్చడం టీవీల్లో అందరూ చూశారు. అలాంటి పడవల వెనక అంచుకు బిగించే యంత్రమే ఔట్‌బోర్డ్ మోటారు. కోస్తాలో చేపల వేటకు వెళ్లే ఎన్నో ఫైబర్ పడవలకీ అదే దిక్కు. అంతటి మోటారుకు ప్రాణాంతకమయ్యే జబ్బు చాలాసార్లు ఒక చిన్న ఆయిల్ చుక్కతోనే మొదలవుతుంది.

1909లో అమెరికాలో ఓలె ఎవిన్‌రూడ్ అమ్మడం మొదలుపెట్టిన మోటారుకైనా, ఇప్పుడు వాడుతున్న వాటికైనా అమరిక దాదాపు ఒకటే. పైన ఇంజిను, మధ్యలో నిలువుగా ఓ ఇనుప కడ్డీ, అడుగున గేర్ల పెట్టె, దాని వెనక నీళ్లను తోసే ప్రొపెల్లరు. గేర్ల పెట్టె నిండా చిక్కటి ఆయిల్ ఉంటుంది. చిక్కంతా అక్కడే. ఆ పెట్టె ఎప్పుడూ నీళ్లలోనే మునిగి ఉంటుంది. కాబట్టి లోపలి ఆయిల్ బయటికి వచ్చే సందు ఉందంటే, బయటి నీళ్లు లోపలికి వెళ్లే దారి కూడా ఉన్నట్టే!

ముందు ఏ ఆయిలో తేల్చాలి
ప్రొపెల్లరు దగ్గర జిడ్డు కనిపించగానే సీలు పోయిందనుకుని విప్పేస్తుంటారు కొందరు. తొందరపడకూడదు. మోటారును శుభ్రంగా తుడిచి, నిటారుగా నిలబెట్టి, కింద ఒక అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేయాలి. తెల్లారేసరికి చుక్క ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో తెలిసిపోతుంది.

నల్లగా, పల్చగా, ఇంధనం వాసన వేస్తూ ప్రొపెల్లరు నడిమధ్య నుంచి కారుతుంటే అది చాలావరకు పొగతో పాటు వచ్చే మడ్డి. చాలా మోటార్లలో పొగ ప్రొపెల్లరు మధ్య నుంచే నీళ్లలోకి పోతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్లలో ఇంధనంతో కలిపిన ఆయిల్ పూర్తిగా కాలక ఇలా దిగుతుంటుంది. దీనికి గేర్ల పెట్టె విప్పక్కర్లేదు.

ఫోర్ స్ట్రోక్ మోటారైతే పైమూత తీసి చూడాలి. ఆయిల్ ఫిల్టరు దగ్గరో, డ్రెయిన్ బోల్టు దగ్గరో తడి ఉంటే అదే కిందికి జారి గేర్ల దగ్గర కారినట్టు భ్రమ కలిగిస్తుంది. కొలపుల్ల తీసి చూస్తే ఆయిల్ తగ్గిందో లేదో తెలుస్తుంది.

ఇక చిక్కగా, జిగురుగా, గంధకం ఘాటుతో ఉందా... అది గేర్ ఆయిలే. అసలు పని అప్పుడు మొదలవుతుంది.

దొంగ ఎక్కడున్నాడు?
గేర్ల పెట్టెకు కింద ఒకటి, పైన ఒకటి స్క్రూలు ఉంటాయి. ఆయిల్ మార్చినప్పుడు పాత వాషర్లనే మళ్లీ బిగిస్తే లీకు రావచ్చు. కొత్త వాషరుతో తీరిపోయే బాధ కాబట్టి ముందు వీటినే చూడాలి.

తర్వాత ప్రొపెల్లరు ఊడదీయాలి. దాని వెనక, ఇరుసు చుట్టూ నైలాన్ దారం బిగుసుకుని కనిపించడం చాలా మామూలు. తెగిన వల పోగులు, గాలపు తీగలు అక్కడ చుట్టుకుని, ఇరుసు తిరిగినకొద్దీ రబ్బరు సీలును కోసేస్తాయి. దారం తీసేస్తే సరిపోదు, కోసుకుపోయిన సీలునూ మార్చాలి. సీలు కొత్తది వేసినా మళ్లీ కారుతోందంటే ఇరుసును వేలితో తడిమి చూడాలి. సీలు ఆనేచోట గాడి పడి ఉంటే ఎన్ని సీళ్లు మార్చినా ఫలితం ఉండదు.

పైనుంచి దిగే కడ్డీకీ, గేర్లు మార్చే కడ్డీకీ కూడా సీళ్లుంటాయి. వాటిలో ఏది పోయిందో కంటికి ఆనకపోతే మెకానిక్కులు గాలి పరీక్ష చేస్తారు. ఆయిల్ తీసేసి, గేర్ల పెట్టెలోకి గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు రాస్తారు. సైకిల్ ట్యూబు పంక్చరు వెతికినట్టే, బుడగ వచ్చినచోటే లీకు! ఒత్తిడి సాధారణంగా చదరపు అంగుళానికి 10 నుంచి 15 పౌండ్లు, అంటే కారు టైరులో ఉండేదాంట్లో సగమో, అంతకన్నా తక్కువో. కంపెనీ పుస్తకంలో రాసినదానికి మించితే మంచి సీళ్లు కూడా దెబ్బతింటాయి. ఇరుసును తిప్పుతూ చూడాలి, కొన్ని లీకులు తిరుగుతున్నప్పుడే బయటపడతాయి.

చాలా మోటార్లలో ఇరుసుకు రెండు సీళ్లు ఉంటాయి. ఒకటి ఆయిల్‌ను బయటికి పోనివ్వదు, ఇంకొకటి నీళ్లను లోపలికి రానివ్వదు. అందుకే గాలి ఎక్కించాక, గాలి లాగేసి కూడా పరీక్షించాలి.

కాఫీ రంగు కనిపిస్తే...
కింది స్క్రూ విప్పగానే ముందు నీళ్లు వచ్చి, తర్వాత ఆయిల్ వస్తే సంగతి అర్థమైనట్టే. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరతాయి. మోటారు బాగా తిరిగి ఉంటే రెండూ కలిసిపోయి పాలు కలిపిన కాఫీలా కనిపిస్తాయి. వేడెక్కిన గేర్ల పెట్టె చల్లబడేటప్పుడు లోపల ఒత్తిడి తగ్గి నీళ్లను పీల్చుకుంటుంది. బయట చుక్క కనిపించకపోయినా ఇది జరగొచ్చు. నీళ్లు కలిసిన ఆయిల్ గేర్లను కాపాడలేదు. ఉప్పునీళ్లయితే బేరింగులు తుప్పు పడతాయి. స్క్రూకు ఇనుప రజను లాంటిది కాస్త అంటుకుంటే భయపడక్కర్లేదు కానీ పెచ్చులు కనిపిస్తే మాత్రం గేర్లు విప్పి చూడాల్సిందే.

కొత్త ఆయిల్‌ను పైనుంచి పోయకూడదు. కింది రంధ్రం నుంచి ఎక్కిస్తూ పైరంధ్రంలో పొంగేదాకా నింపాలి. అప్పుడే లోపల గాలి మిగలదు. తర్వాత ముందు పై స్క్రూ, ఆ వెంటనే కింది స్క్రూ బిగించాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మర పడవలన్నీ ఒడ్డునే ఉండే ఆ రెండు నెలలే ఈ పరీక్షలకు అనువైన సమయం. వేట మొదలయ్యాక నీళ్ల మీద రంగురంగుల పొర కనిపించినా, గేర్ల దగ్గర కొత్త చప్పుడు వినిపించినా వేగం తగ్గించి ఒడ్డుకు తిరగాలి. ఒకరోజు వేట పోతే మర్నాడు వెళ్లొచ్చు. గేర్లు బిగుసుకుపోతే మాత్రం, పడవ ఎటు వెళ్లాలో గాలీ అలలే నిర్ణయిస్తాయి!